మైక్రోవేవ్ ఓవెన్ విప్పే ముందు

మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె ఇంట్లోనే విప్పి బాగుచేసుకునే అలవాటున్నవాళ్లకే ఈ హెచ్చరిక ఎక్కువ అవసరం. వాటిలో ప్లగ్ పీకేస్తే ప్రమాదం పోతుంది. మైక్రోవేవ్‌లో పోదు. ప్లగ్ పీకి పక్కన పెట్టిన ఓవెన్ కూడా షాక్ కొట్టగలదు, అదీ ప్రాణం తీసేంతగా.

కారణం, చార్జిని నిల్వ ఉంచే హైవోల్టేజ్ కెపాసిటర్. సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2,000 వోల్టులకు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని దాదాపు 4,000 వోల్టుల దాకా తీసుకెళ్లి, మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ఈ కెపాసిటర్ అరచేతిలో పట్టే రేకు డబ్బా. దాని మీద 2,100 వోల్టులు, 1 మైక్రోఫారడ్‌కు కాస్త అటూ ఇటూగా రాసి ఉంటుంది. చాలావాటి లోపల చార్జిని దించేయడానికి 10 మెగోమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అది బాగుంటే నిమిషంలో చార్జి దిగిపోతుంది. తెగిపోతే మాత్రం చాలాసేపు నిలిచి ఉంటుంది, తెగిందో లేదో బయటికి కనిపించదు. కాబట్టి ‘పొద్దున్నుంచీ ఆఫ్‌లోనే ఉంది కదా’ అన్న ధీమా పనికిరాదు.

‘ఇంట్లో ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి సప్లై ఆపే స్విచ్) పెట్టించాం, అది పడిపోతుందిలే’ అన్నదీ ఇక్కడ చెల్లదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో (ఎక్కువ వోల్టేజీ వచ్చే చుట్టలో) ఒక కొస ఓవెన్ రేకు బాడీకే కలిపి ఉంటుంది. రెండో కొసను తాకితే కరెంటు మీ ఒంట్లోంచి బాడీకి, అక్కణ్ణుంచి మళ్లీ సెకండరీకి తిరుగుతుంది. మెయిన్ లైన్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ తేడా రాదు కాబట్టి ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు.

అసలు విప్పాలా అన్నది ముందు తేల్చుకోండి. లోపల టపటపమని మెరుపులు వస్తుంటే చాలాసార్లు అది గోడకున్న మైకా షీటు మీద నూనె, కూర మరకలు మాడడం వల్లే. ప్లగ్ తీసి షీటు ఊడదీసి, కొత్త షీటును కత్తెరతో అదే కొలతకు కత్తిరించి పెడితే చాలు, బాడీ విప్పే పనే లేదు. ప్లేటు వంకరగా తిరగడం, రోలర్ చక్రాలు అరగడం కూడా బయటి పనులే. తలుపు వంగినా, అతుకుల దగ్గర రేకు తుప్పు పట్టి చిల్లు పడినా, తలుపు జాలీ చిరిగినా మరమ్మతు మాట వద్దు. ఆ ఓవెన్‌ను వాడడమే మానేయండి.

విప్పక తప్పదంటే, పని తెలిసినవాళ్లు కూడా ఈ వరుస తప్పకూడదు. ప్లగ్ తీసి, ఇంకెవరూ మళ్లీ పెట్టకుండా మీ కంటి ముందే ఉంచుకోండి. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు, గాజులు తీసేయండి. నేల, చేతులు, చెప్పులు పొడిగా ఉండాలి. ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. కవర్ తీశాక ఏ వైరూ ముట్టకముందే కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్క చేత్తోనే చేయండి.

నేరుగా స్క్రూడ్రైవర్ ఆనిస్తే ఠప్పున పెద్ద శబ్దంతో నిప్పురవ్వ వస్తుంది. చెయ్యి అదిరి జారితే అక్కడే ప్రమాదం. 10 కిలోఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్లు పది వరుసగా కలిపి, సన్నటి పీవీసీ గొట్టంలో పెట్టి, రెండు కొసలకూ మంచి ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు పెట్టుకుంటే మేలు. రెసిస్టర్ ఒక్కటే పెడితే అంత వోల్టేజీకి దాని మీదుగానే స్పార్క్ దూకవచ్చు. కెపాసిటర్ రెండు టెర్మినళ్ల మధ్య పది సెకన్లు, తర్వాత ఒక్కో టెర్మినల్‌కూ బాడీకీ మధ్య పది సెకన్లు ఆనించండి. చివర్లో ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూడండి. రవ్వ రాకూడదు. మధ్యలో ఒక్కసారి ప్లగ్ పెట్టి చూసినా ఇదంతా మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే. చాలామంది దెబ్బ తినేది ఈ రెండోసారే.

మన దగ్గరుండే మల్టీమీటర్ 600 లేదా 1,000 వోల్టులకే తయారైంది. దాని ప్రోబులను నడుస్తున్న హైవోల్టేజ్ వైపు పెడితే మీటరు చేతిలోనే పేలవచ్చు. ఆ వైపు పరీక్షలన్నీ కరెంటు లేకుండా, ఓమ్స్‌లోనే చేయాలి. మాగ్నెట్రాన్ ఫిలమెంట్ టెర్మినళ్ల మధ్య 1 ఓమ్ లోపు చూపించాలి, వాటికీ బాడీకీ మధ్య ఏ కనెక్షనూ చూపించకూడదు. హైవోల్టేజ్ డయోడ్ మామూలు మీటరుకు రెండు వైపులా ఓపెన్‌గానే కనిపిస్తుంది. పోయిందని పారేయకండి. డయోడ్‌తో సిరీస్‌లో 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, ఈ ఒక్కదానికి మీటరును డీసీ వోల్టుల్లో ఉంచి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

తలుపు తీసినప్పుడో వేసినప్పుడో ఫ్యూజ్ పోతోందంటే ముందు డోర్ స్విచ్‌లను అనుమానించండి. సాధారణంగా మూడుంటాయి. తలుపు తెరవగానే కరెంటు తెంచాల్సిన ప్రైమరీ స్విచ్ అతుక్కుపోయి ఉంటే, మానిటర్ స్విచ్ కావాలనే లైన్‌ను షార్ట్ చేసి ఫ్యూజ్ కాల్చేస్తుంది. అది లోపం కాదు, కాపలా. ఫ్యూజ్ బదులు తీగ చుట్టడం, స్విచ్‌ను వైరుతో కలిపేయడం అంటే తలుపు తెరిచి ఉండగానే ఓవెన్ నడవడానికి దారి ఇవ్వడమే. స్విచ్‌లు మార్చేటప్పుడు ఫొటో తీసి, ఏ వైరు ఏ పిన్నుకో అదే పిన్నుకు పెట్టండి. ఫ్యూజ్ పాతదాని మీద రాసిన ఆంపియర్లదే, అదే రకం వేయండి.

మాగ్నెట్రాన్‌లోని పింగాణీ భాగాన్ని పగలగొట్టకూడదు, రుద్దకూడదు. కొన్నిటిలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. బిగించేటప్పుడు యాంటెన్నా చుట్టూ ఉండే తీగజాలీ రింగు మరిచిపోతే అక్కడినుంచే తరంగాలు బయటికి వస్తాయి. ఇన్వర్టర్ మోడల్ (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉండేది) అయితే బోర్డు మీద వేడి లాగే హీట్‌సింకులోనూ కరెంటు ఉండవచ్చు. దాన్ని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి.

కవర్ స్క్రూలన్నీ బిగించాకే ప్లగ్ పెట్టాలి, అదీ ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లోనే. ఖాళీగా నడపకండి, 275 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి చూడండి. తలుపు అంచుల వెంట 5 సెంటీమీటర్ల దూరంలో తరంగాల లీకేజీ చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు. లోపల ఫోన్ పెట్టి రింగవుతుందా అని చూసే పరీక్షతో ఏమీ తేలదు. ఎవరైనా పొరపాటున స్టార్ట్ నొక్కితే ఫోన్ మాత్రం పోతుంది.

బాగుపడనిదాన్ని పాత సామాన్లవాళ్లకు ఇచ్చే ముందు ప్లగ్ వైరు మొదలంటా కత్తిరించండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీసి చెక్క మీద మెరుపు డిజైన్లు కాల్చే వీడియోలు చూసి ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఆ పని చేస్తూ అమెరికాలో చాలామంది చనిపోయారు.