మొరాకో పద్ధతిలో తాజా సార్డీన్లు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

మొరాకోలో సార్డీన్ అందరి ఇంటి చేప. అట్లాంటిక్ తీరంలోని సాఫీ, ఎస్సావిరా, అగాదీర్ రేవుల్లో పడవల నుంచి బుట్టలకొద్దీ దిగుతుంది, చవగ్గా దొరుకుతుంది. డబ్బా సార్డీన్ల ఎగుమతిలో ప్రపంచంలోనే ముందున్న దేశం అది. అయినా అక్కడి ఇళ్లలో తాజా సార్డీన్‌కున్న మర్యాద వేరు. మన విశాఖ, కాకినాడ మార్కెట్లలో దొరికే నూనె కవళ్లు దీనికి దగ్గరి చుట్టాలే. జాతి వేరైనా సైజు, కొవ్వు, మెత్తటి కండ ఇంచుమించు అలాగే ఉంటాయి కాబట్టి ఈ వంటకు హాయిగా సరిపోతాయి. ఒమన్‌లో ఉండే మనవాళ్లకు దొరికేదీ ఆ నూనె కవళ్ల జాతే.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది జంట సార్డీన్ల గురించి. చేపను విప్పి ముల్లు తీసి, ఒకదాని కండ మీద చర్మూలా పరిచి, ఇంకో చేపను కండవైపు కిందికి వచ్చేలా మూతపెట్టి, పిండి అద్ది వేయిస్తారు. చర్మూలా అంటే కొత్తిమీర, పార్‌స్లీ, వెల్లుల్లి, జీలకర్ర, పాప్రికా (మంట లేని ఎర్ర మిరపపొడి), నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపిన పచ్చి మసాలా. కిలో చేపకు సన్నగా తరిగిన కొత్తిమీర ఒక కప్పు, పార్‌స్లీ అర కప్పు, వెల్లుల్లి అయిదు రెబ్బలు, జీలకర్ర పొడి ఒక టీస్పూను, పాప్రికా రెండు టీస్పూన్లు, ఉప్పు ఒక టీస్పూను, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను, ఆలివ్ నూనె రెండు టేబుల్ స్పూన్లు తీసుకోండి. పార్‌స్లీ దొరక్కపోతే మొత్తం కొత్తిమీరే వేసుకోవచ్చు.

ఈ వంట చెడటానికి చాలాసార్లు కారణం ఒక్కటే, తడి. చేప మీద తడి, ఆకుల్లో తడి, మసాలాలో తడి. కింద చెప్పే సమస్యల్లో సగం అక్కడికే వెళ్తాయి.

చేప విప్పుతుంటేనే చిరిగిపోతోంది

కారణం: చేప పాతబడి ఉండాలి, లేదా వెచ్చబడి ఉండాలి. సార్డీన్ పొట్టలోని జీర్ణరసాలు చేప చచ్చాక కూడా పని చేస్తూనే ఉంటాయి. ఐసు లేకుండా కొన్ని గంటలు ఉంటే పొట్ట గోడ మెత్తబడి పగిలిపోతుంది. అందుకే కొనేటప్పుడు ముందు చూడాల్సింది పొట్ట. అది బిగుతుగా, చీలిక లేకుండా ఉండాలి. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బుగా, తేటగా ఉండాలి. తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తితే ఒళ్లు వాలిపోకుండా నిలబడాలి. పొలుసులు ఊడి ఉన్నాయని మాత్రం వద్దనుకోకండి. సార్డీన్ పొలుసులు వలలోనే రాలిపోతాయి.

పరిష్కారం: ఇంటికి తెచ్చిన వెంటనే ఐసు మీద పెట్టి, అరగంట బాగా చల్లబడ్డాక మొదలుపెట్టండి. చల్లటి కండ గట్టిగా ఉండి ముల్లును శుభ్రంగా వదులుతుంది. పొలుసులు వేలితో తోక నుంచి తలవైపు రుద్దితే వచ్చేస్తాయి, కత్తి అక్కర్లేదు. తల విరిచి వెనక్కి లాగితే పేగులు చాలావరకు దానితోనే వస్తాయి. తర్వాత బొటనవేలు పొట్టలోకి పెట్టి, గోరు నడిముల్లును తాకుతూ ఉండేలా తోక దాకా నెమ్మదిగా జరపండి. చేప పుస్తకంలా తెరుచుకుంటుంది. ఇప్పుడు ముల్లును తల వైపు నుంచి పట్టుకుని పైకి లేపుతూ తోక దగ్గర తుంచేయండి. తోక మాత్రం ఉంచాలి, తిరగేసేటప్పుడు పట్టుకోవడానికి పనికొస్తుంది. పక్కన మిగిలే వెంట్రుకల్లాంటి ముళ్లు వేగాక తెలియవు. పిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం వేలితో ఒకసారి తడిమి చూసుకోండి.

చిరిగినవి వచ్చాయా? టెన్షన్ అక్కర్లేదు. మొరాకో ఇళ్లలో చిరిగిన చేపకు మంచి దారి ఉంది, కెఫ్తా అనే చేప ఉండల కూర. వాసన బాగానే ఉన్న చేపకే ఇది అని గుర్తుంచుకోండి. తోలు తీసి కండను కత్తితో సన్నగా కొట్టి, అరకిలోకు మూడు టేబుల్ స్పూన్ల చర్మూలా కలిపి, పెద్ద ఉసిరికాయంత ఉండలు చేయండి. కొందరు గుప్పెడు ఉడికిన అన్నం కూడా కలుపుతారు, ఉండ మెత్తగా ఉంటుంది. తురిమిన టమాటాలో వెల్లుల్లి, జీలకర్ర, పాప్రికా వేసి చిక్కబడేదాకా ఉడికించి, ఉండల్ని అందులో వదిలి మూతపెట్టి సన్నసెగ మీద పన్నెండు పదిహేను నిమిషాలు ఉంచండి. మొదటి అయిదు నిమిషాలు గరిటె పెట్టకూడదు. పాత్రను పట్టుకుని అటూ ఇటూ ఊపితే చాలు. తాజీన్ అనే మొరాకో మట్టిపాత్ర లేకపోతే మన మట్టి దాక దివ్యంగా పనిచేస్తుంది. ఉండలు విచ్చిపోతే కండలో నీళ్లు మిగిలాయన్నమాట. కొట్టే ముందు గట్టిగా అద్ది ఆరబెట్టాలి.

జంట నూనెలో విడిపోతోంది, మసాలా అంతా బయటికి వచ్చేస్తోంది

అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

మొదటి కారణం మిక్సీ. చర్మూలాను మిక్సీలో తిప్పితే ఆకుల్లోని నీరంతా బయటికి వచ్చి జారుడు ముద్ద అవుతుంది. అది రెండు చేపలను పట్టి ఉంచలేదు, నూనె తగలగానే ఆవిరై చేపల్ని తోసేస్తుంది. ఆకుల్ని ముందు కడిగి, గుడ్డలో చుట్టి పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత కత్తితో తరగండి. వెల్లుల్లి, ఉప్పు, జీలకర్ర రోట్లో దంచితే చాలు. అన్నీ కలిపాక స్పూనుతో తీస్తే కుప్పగా నిలబడాలి. ఉప్పు పడ్డాక పది నిమిషాలకు గిన్నె అడుగున నీరు ఊరుతుంది. చేపల మధ్య పెట్టడానికి పైనున్న గట్టి భాగాన్నే తీసుకుని, ఆ నీటిని కెఫ్తా సాసులోకో సలాడ్‌లోకో వాడుకోండి.

రెండో కారణం అత్యాశ. జంటకు ఒక టీస్పూను చాలు. అంచుల చుట్టూ అర సెంటీమీటరు ఖాళీ వదిలితే కండకు కండ నేరుగా అంటుకుని, సెగకు అక్కడ బిగుసుకుంటుంది. జంట కలిసి ఉండేది దాని బలం మీదే. ఒకే సైజు చేపల్ని ముందే పక్కపక్కన పేర్చుకుంటే అంచులు సరిగ్గా కలుస్తాయి. మూతపెట్టాక అరచేత్తో ఒకసారి నొక్కి, ట్రేలో పేర్చి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. ఈ ఒక్క పనితో తేడా కళ్లకు కనిపిస్తుంది.

మూడోది తొందర. కింది వైపు పట్టు రాకముందే కదిపితే పైది జారుతుంది. అంచులు బంగారు రంగుకు తిరిగి, పాత్రను కదిపితే చేప తనంతట తాను జరిగినప్పుడే తిప్పాలి. వెడల్పాటి అట్లకాడ కింద పెట్టి, రెండో చేత్తో ఫోర్కు పైన ఆనించి తిప్పండి.

పిండి మెత్తబడి నూనె పీల్చేసింది

పిండి అద్ది పక్కన పెట్టి వేరే పని చూసుకున్నారంటే ఇదే జరుగుతుంది. చేపలోని తడికి పిండి జిగురవుతుంది. నూనె కాగాక, బాండీలో వేసే ముందే పిండి అద్ది, దులిపి వేయండి. మైదా సరిపోతుంది. కరకరలాడాలంటే మైదాలో మూడో వంతు సన్నటి బొంబాయి రవ్వ కలపండి. నూనె 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. వెంటనే బుసబుసమని తేలాలి కానీ నల్లబడకూడదు. వెడల్పాటి మూకుట్లో సెంటీమీటరున్నర లోతు నూనె పోసి, ఒక విడతకు మూడు నాలుగు జంటలే వేసి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు వేయించండి. తీసినవి పేపర్ మీద ఒకదానిపై ఒకటి పెట్టకండి, జాలీ మీద విడివిడిగా పరవండి.

బయట మాడింది, చేదొచ్చింది

చర్మూలా తోలు మీద పూసి ఉంటారు. వెల్లుల్లి, పాప్రికా రెండూ వేడి నూనెలో క్షణాల్లో మాడతాయి. మసాలా లోపలే ఉండాలి, బయట అంటినది గుడ్డతో తుడిచేయాలి. నాలుగైదు విడతలు వేయించేటప్పుడు అడుగున పడ్డ పిండి, ఆకు ముక్కలు కూడా మాడి చేదు పుట్టిస్తాయి. మధ్యలో ఒకసారి నూనె వడకట్టండి.

నీచు వాసన పోవడం లేదు

మనకు అలవాటైన పసుపు, ఉప్పు పట్టించి నాలుగైదు సార్లు కడగడం ఇక్కడ పనికిరాదు. సార్డీన్ కండ పలచన. నీళ్లలో నానితే మెత్తబడి రుచి పోతుంది, వాసన మాత్రం పోదు. ఆ వాసన ఎక్కువగా ఉండేది నడిముల్లు పక్కన గడ్డకట్టిన నెత్తురు గీతలో, మొప్పల్లో, పొట్ట లోపలి నల్ల పొరలో. వాటిని వేలితో గీకేసి, చల్లటి ఉప్పునీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, వెంటనే కిచెన్ టిష్యూతో లోపలా బయటా అద్దండి. టిష్యూ పొడిగా వచ్చేదాకా అద్దాలి. చర్మూలాలోని నిమ్మరసం మిగతా పని చూసుకుంటుంది. వాసన పుట్టించే అమైన్లు పులుపుతో కలిస్తే గాల్లోకి లేవవు.

ఇంత చేసినా ఘాటుగా, అమోనియాలా వాసన వస్తే ఆ చేప వండకండి. సార్డీన్, కానాగంత లాంటి చేపలు వెచ్చగా ఉండిపోతే బ్యాక్టీరియా వాటిలో హిస్టమైన్ తయారుచేస్తుంది. వండినా, ఫ్రీజర్‌లో పెట్టినా అది పోదు. తింటుంటే నాలుక మీద మిరియాలు తగిలినట్టు చురుక్కుమన్నా, తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి తలనొప్పి, దద్దుర్లు వచ్చినా అదే అని అనుమానించాలి. ఊపిరి ఆడకపోవడం లాంటిది ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వాసన లేదంటే హిస్టమైన్ కూడా లేదని అనుకోకూడదు. కాబట్టి అసలు జాగ్రత్త కొనే చోటే మొదలవ్వాలి. ఐసు మీద ఉన్న చేపనే కొని, ఐసుతోనే ఇంటికి తెచ్చి, 4 డిగ్రీల లోపు ఉంచి, అదే రోజు వండుకోండి.

కండ పిండిపిండిగా అయింది

నిమ్మరసంలో గంటలకొద్దీ ఊరబెట్టి ఉంటారు. పులుపు కండను సెగ లేకుండానే బిగదీసి, ఆపైన పొడిపొడిగా చేస్తుంది. మాంసానికి రాత్రంతా నానబెట్టే అలవాటు ఇక్కడ వద్దు. చర్మూలా పెట్టాక గంట చాలు. ఎక్కువసేపు ఉంచాల్సి వస్తే నిమ్మరసం లేకుండా కలిపి, వేయించాక పిండుకోండి. చేప సన్నబడే కాలం కూడా ఒక కారణమే. గుడ్లు పెట్టాక సార్డీన్‌లో కొవ్వు తగ్గుతుంది, అలాంటి చేప త్వరగా ఎండిపోతుంది. దాన్ని టమాటా సాసులో వండుకోవడం మేలు.

గ్రిల్‌కు అంటుకుని తోలు ఊడిపోతోంది

ఎస్సావిరా రేవు దగ్గర బొగ్గుల మీద కాల్చే సార్డీన్ చూసి చాలామంది ఇంట్లో ప్రయత్నిస్తారు. అంటుకోవడానికి కారణాలు చల్లటి ఇనుము, తడి చేప. జాలీని ఖాళీగా అయిదు పది నిమిషాలు కాల్చి, రుద్ది శుభ్రం చేసి, నూనె గుడ్డతో తుడవాలి. కాల్చడానికి చేపను విప్పకండి, నిండు చేపే కావాలి. పొలుసులు కూడా ఉంచేయవచ్చు. అవి తోలును కాపాడతాయి, కాలాక తోలుతో పాటు ఒలిచేయవచ్చు. రాళ్ల ఉప్పు చల్లి పదిహేను నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని అద్దేసి, మంట తగ్గి బూడిద పట్టిన బొగ్గుల మీద పెట్టండి. మామూలు సైజుకు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. కొవ్వు కారి మంట లేస్తే జాలీని పక్కకు జరపండి, నీళ్లు చల్లకండి. రెండు రెక్కల జాలీ ఉంటే తిప్పడం సులువు. చర్మూలా కాలాకే పైన వేసుకోవాలి.

అంతా బాగానే ఉంది, కానీ మన చేపల వేపుడులా ఉంది

పాప్రికా బదులు అంతే కొలతలో గుంటూరు కారం పడి ఉంటుంది. పాప్రికా రంగు, తీపి వాసన ఇచ్చేది, మంట కోసం కాదు. అది లేకపోతే కాశ్మీరీ మిరపకారం సగం కొలత వేయండి. గరం మసాలా, ధనియాల పొడి, కరివేపాకు వద్దు. వాటి ముందు పార్‌స్లీ, జీలకర్ర నిలబడలేవు. ఇంకా మొరాకో రుచి దగ్గరికి వెళ్లాలంటే ఉప్పులో ఊరిన నిమ్మకాయ కావాలి. దీనికి మన ఇళ్లలో దారి సిద్ధంగానే ఉంది. నిమ్మకాయ ఊరగాయకు ఉప్పులో ఊరేసిన బద్దల్లోంచి, కారం, మెంతిపిండి కలపకముందే నాలుగు తీసి పక్కన పెట్టుకోండి. పసుపు పడనివైతే మరీ మంచిది. లోపలి గుజ్జు తీసేసి, తొక్కను సన్నగా తరిగి చర్మూలాలో కలిపితే చాలు. అప్పుడు ఉప్పు సగానికి సగం తగ్గించడం మర్చిపోకండి.

మిగిలిన జంటల్ని వేడి చేయకుండా, బ్రెడ్‌లో పెట్టుకుని చల్లగానే తినండి. మొరాకోలో అలాగే తింటారు, మళ్లీ వేడి చేస్తే నీచు వాసన లేస్తుంది. వేయించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికి ముగించండి. చర్మూలా మిగిలితే పైన ఆలివ్ నూనె పోసి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. చేపకు తాకిన స్పూను పెట్టిన గిన్నెలోది మాత్రం దాచకండి.