అద్దె గర్భానికి సంతకం పెట్టే ముందు చూసుకోవలసినవి

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్లకు ఎవరైనా వచ్చి, తొమ్మిది నెలలు బిడ్డను మోసి ఇస్తే ఇన్ని లక్షలు ఇప్పిస్తామని అంటే, ఆ బేరమే నేరమని ముందుగా తెలుసుకోవాలి. 2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సరోగసీ (అద్దె గర్భం) నియంత్రణ చట్టం ప్రకారం వైద్య ఖర్చులు, బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప గర్భం మోసే స్త్రీకి మరే ప్రతిఫలమూ ఇవ్వకూడదు. దీన్ని వ్యాపారంగా నడిపితే 10 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

డాక్టరుకు ఫీజు, వకీలుకు ఫీజు ఉండగా కడుపున మోసిన మనిషికి మాత్రం కూలి ఎందుకు ఉండకూడదని ఈ చట్టాన్ని విమర్శించేవారు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. అయినా చట్టం కాదన్న ఒప్పందం మీద కోర్టుకు వెళ్లి డబ్బు రాబట్టుకోలేరు కాబట్టి, ఏజెంటు సగంలో చేతులెత్తేస్తే నష్టపోయేది ఆమే.

డబ్బు ప్రసక్తి లేకుండా, తెలిసినవారి కోసం మోయడానికి ఒక స్త్రీ ఇష్టపడితే, ఆమెకు పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయవచ్చు, ఆమె అండం వాడకూడదు.

మన సరిహద్దులో అసలు చిక్కు అంగీకార పత్రం దగ్గర వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివిన స్త్రీని విశాఖపట్నం తీసుకెళ్లి ఇంగ్లీషు కాగితం ముందు కూర్చోబెడితే ఆమె దేనికి ఒప్పుకున్నట్టు? ఆమెకు అర్థమయ్యే భాషలోనే, దుష్ప్రభావాలన్నీ వివరించిన తరువాతే, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని చట్టం చెబుతోంది. కాబట్టి ఆమె మాట్లాడే భాష ఒక్కటే కాక చదవగలిగే భాష ఏదో కూడా చెప్పి, ఆ భాషలోనే పత్రం అడగండి. చదువు రానివారైతే ఏజెంటుతో గాని, క్లినిక్ మనిషితో గాని కాక బయటివారితో చదివించుకుని, ఆ పత్రం నకలు ఒకటి ఇంటికి తెచ్చుకోండి. గర్భంలో పిండాన్ని ప్రవేశపెట్టే క్షణం వరకు వద్దనే హక్కు ఆమెకు ఉంది.

క్లినిక్ రిజిస్ట్రేషన్ పత్రం, బిడ్డ ఎవరిదో తేల్చే మేజిస్ట్రేటు ఉత్తర్వు, ఆమె పేరున 36 నెలల బీమా ఉన్నాయో లేవో చూడండి. పిల్లలు కావాలనుకునే దంపతులకూ ఈ జాగ్రత్త అవసరమే. సరోగసీ బిడ్డ అని చెప్పి అప్పగించిన శిశువుకు, తల్లిదండ్రులకు డీఎన్ఏ కలవలేదని 2025లో సికింద్రాబాద్‌లో బయటపడింది.

అప్పు తీరుతుందని భార్యను ఒప్పించే భర్తలు ఒక సంగతి గమనించాలి: కేసు నడిస్తే, కాదని రుజువయ్యే దాకా, ఆమెను భర్తో, బంధువులో, ఆ దంపతులో బలవంతపెట్టారనే కోర్టు భావిస్తుంది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలు దొరుకుతారు. న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయవలసింది రైలెక్కక ముందు.