బుట్టకో దాత: బెంగళూరులో డిస్క్ గోల్ఫ్ కోర్సుకి స్పాన్సర్లని ఎలా అడగాలి

మన ఊళ్లో గుడికెళ్తే పైన ఫ్యాను రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, ఊరు పేరు రాసి ఉంటాయి కదా, ఆ ఫ్యాను తిరిగినన్నాళ్లూ ఆ పేరు అక్కడే ఉంటుంది. డిస్క్ గోల్ఫ్ కోర్సుకి, అంటే ఆ ఆట ఆడే మైదానానికి, డబ్బులెలా అని ఎవరడిగినా నేను ముందు ఆ ఫ్యానే గుర్తు చేస్తా. మొత్తం కోర్సుకి సాయం చెయ్యండి సార్ అంటే ఎంత మంచివాళ్లైనా చూద్దాంలే అంటారు, అదే "4వ నంబర్ బుట్ట మీ పేరు మీద పెడతాం" అంటే కుర్చీ లాగి కూర్చోమంటారు. మిగతా దేశాల్లో కూడా నడిచేది ఇదే పద్ధతి, ఒక్కో హోల్‌కి, అంటే ఒక్కో బుట్టకి, ఒక్కో స్పాన్సర్, టీ దగ్గర, అంటే డిస్కు విసరడం మొదలుపెట్టే చోట, బోర్డు మీద ఆ షాపు పేరు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. గోల్ఫ్ లాంటిదే, కానీ కర్రా బంతీ ఉండవు, ప్లాస్టిక్ డిస్కు విసరాలి, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట ఉంటుంది, తక్కువ త్రోల్లో అందులో వెయ్యాలి. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి పర్మనెంట్ కోర్సు వచ్చింది, దాన్ని డిజైన్ చేసిన ఎడ్ హెడ్రిక్కే తర్వాత ఈ గొలుసుల బుట్ట కూడా కనిపెట్టారు. గడ్డి పరచక్కర్లేదు, చెట్లు కొట్టక్కర్లేదు, అసలు చెట్లుంటేనే ఆట బాగుంటుంది. సర్జాపూర్, హొసకోటె వైపు నీలగిరి తోపులు చూసినప్పుడల్లా నాకు 9 హోల్స్ కనపడతాయి, నిజంగా.

స్పాన్సర్ దగ్గరికి వెళ్లేముందు చేతిలో రెండు కాగితాలుండాలి. ఒకటి స్థలం పర్మిషన్ లెటర్, అది లేఅవుట్ అసోసియేషన్‌దైనా సరే, స్థలం ఓనర్‌దైనా సరే, ప్రభుత్వ పార్కైతే కార్పొరేషన్‌ది. ఈ లెటర్ లేకుండా డబ్బు తీసుకోవద్దు, రేపు స్థలం చెయ్యిజారితే ఆ షాపుల ముందు నుంచి నడవలేం. రెండోది లెక్క. బుట్టలు, టీ ప్యాడ్లు, బోర్డులు, కొత్తగా వచ్చేవాళ్లకి ఇవ్వడానికి కొన్ని డిస్కులు, ఇవన్నీ విడివిడిగా రాయండి. టీ ప్యాడ్ అంటే విసిరేటప్పుడు కాలు జారకుండా వేసే కాంక్రీటు పలక, 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం అనుకుంటే ఒక్కోదానికి 4 బస్తాల దాకా సిమెంటు పడుతుంది, 9 ప్యాడ్లకి 36 బస్తాలు. ఇలా రాసుకుంటే సిమెంటు డీలర్ దగ్గరికెళ్లి డబ్బు అడగక్కర్లేదు, బస్తాలే అడగొచ్చు, ఆయనకి డబ్బు ఇవ్వడం కంటే సరుకు ఇవ్వడం తేలిక. వెల్డింగ్ షాపాయన పైపూ గొలుసూ మనం కొనిస్తే కూలీ వదులుకోవచ్చు, బోర్డులు ప్రింట్ చేసేవాళ్లు ప్రింటింగ్ ఇవ్వొచ్చు. వెల్డింగ్‌కి ఇస్తే మాత్రం కొలత పక్కాగా చెప్పండి, నేల నుంచి బుట్ట పై అంచు 82 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

ఇక ఎవర్ని అడగాలి. మేము మొదట్లో పెద్ద కంపెనీలకి మెయిళ్లు పెట్టాం, 12 స్లైడ్ల ప్రెజెంటేషన్ చేసి మరీ, రెండు నెలలు ఎదురుచూశాం, ఒక్క రిప్లై రాలేదు. తర్వాత ఒక సీఏ చెప్తే అర్థమైంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం 5 కోట్ల లాభం లాంటి లిమిట్లు దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, ఖర్చు పెట్టాలి, అంతవరకు నిజమే, కానీ తమ సరుకు మార్కెటింగ్ కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కింద లెక్కకి రాదని రూల్సులోనే ఉంది, పైగా ఆ డబ్బు తీసుకునే సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారంతో ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. అంటే బోర్డు మీద పేరు పెడతాం అంటూ సీఎస్ఆర్ వాళ్లని అడిగితే మనం తప్పు గుమ్మం ముందు నిలబడ్డట్టే. కంపెనీనే అడగాలనుకుంటే మార్కెటింగ్ వాళ్లని అడగండి, లేదా మన ఆటగాళ్లలో ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే వాళ్ల ద్వారా వెళ్లండి.

మన వీధివాళ్లే ముందు ఇస్తారు. మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం చుట్టుపక్కల పీజీ హాస్టళ్లు నడిపేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు, వాళ్లకి కావాల్సింది కుర్రాళ్లు, కోర్సుకి వచ్చేదీ కుర్రాళ్లే. ఆంధ్రా మెస్సులు, టిఫిన్ సెంటర్లు, జిమ్ములు, ఫిజియోథెరపీ క్లినిక్కులు, సైకిల్ షాపులు, డెంటల్ క్లినిక్కులు, కోర్సు నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉన్నవి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎవరికి ఎవరు తెలుసో పక్కన రాయండి, ఎందుకంటే రోజూ టిఫిన్ తినే మనిషి అడగడం వేరు, ముక్కూ మొహం తెలియని మనిషి అడగడం వేరు.

టైమింగ్ చాలా ముఖ్యం, దీని మీద కాస్త ఎక్కువే చెప్తా. వినాయక చవితి ముందు వెళ్లొద్దు, అప్పటికే నాలుగు వీధుల చందా పుస్తకాలు వాళ్ల టేబుల్ మీద ఉంటాయి. నవంబర్‌లో కన్నడ రాజ్యోత్సవం చందాలు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి, వాన ఉండదు, సాయంత్రం చల్లగా ఉంటుంది, కోర్సు తీసుకెళ్లి చూపించొచ్చు. పొద్దున్నే బోణీ కాకముందు షాపులోకి వెళ్లి డబ్బు మాట ఎత్తకండి, మంగళ, శుక్రవారాలు చాలామంది చేతి నుంచి డబ్బు బయటికి ఇవ్వరు, ఆ పట్టింపుని గౌరవించండి. మెస్సుకైతే మధ్యాహ్నం రష్ అయ్యాక నాలుగింటికి వెళ్లండి, ఓనరు అప్పుడే అన్నం తిని గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటాడు.

మా మొదటి స్పాన్సర్ అలాగే దొరికాడు. నెల్లూరు వైపు ఆయన, మెస్సు నడుపుతాడు. మడిచి మోసుకెళ్లే బుట్ట ఒకటి బండి వెనక కట్టుకుని వెళ్లి ఆయన షాపు పక్క ఖాళీ సైటులో పెట్టాం. "ఏంది తమ్ముడూ ఇది, పావురాల గూడా?" అన్నాడు. ఏం వివరించకుండా చేతిలో డిస్కు పెట్టి "ఒక్కటి వెయ్యన్నా" అన్నా. చెయ్యి లుంగీకి తుడుచుకుని, సప్లయిలో పళ్లెం పట్టుకున్నట్టే పట్టుకుని విసిరాడు, పక్కకి పోయింది. రెండోదీ పోయింది. మూడోది గొలుసులకి తగిలి ఝల్లుమని బుట్టలో పడింది, లోపలున్న సప్లయి కుర్రాళ్లందరూ బయటికొచ్చేశారు. ఇంకో ఐదు నిమిషాలు వేశాక ఆయనే అడిగాడు, "నా పేరు కాదు, మా నాయన పేరు పెడతారా?" అని. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు 1వ హోల్ బోర్డు మీద ఉన్నది ఆయన తండ్రి పేరే.

అందుకే చెప్తున్నా, బ్రోషర్ కంటే బుట్ట మోసుకెళ్లండి, ఆ గొలుసు చప్పుడు వినిపించండి. మాట్లాడేది రెండు నిమిషాలే మాట్లాడండి, ఎంత కావాలో అంకె సూటిగా చెప్పండి, "మీకు తోచింది" అనొద్దు, అలా అంటే 500 చేతిలో పెడతారు, అది వాళ్ల తప్పు కాదు. ఒక హోల్‌కి మీ లెక్కలో ఎంతొస్తే అంత, దానికి ఏమిస్తామో పక్కనే: బోర్డు మీద పేరు రెండేళ్లు, స్కోర్ కార్డు మీద పేరు, వాళ్ల స్టాఫ్‌కి ఒక సాయంత్రం ఆట నేర్పించడం. ఇద్దరు కలిసి వెళ్లండి, కన్నడం వచ్చినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. కన్నడ షాపులో "సార్, ఒందు నిమిష" అని మొదలుపెడితే వాళ్ల మొహంలో తేడా మీకే తెలుస్తుంది, ఈ ఊరు మనకి అన్నం పెడుతోంది, ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడటం మన ధర్మం కూడా.

బోర్డుల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లెక్సీలు వద్దు, 2018లో హైకోర్టు సీరియస్ అయ్యాక ఊరంతా ఫ్లెక్సీలు, హోర్డింగులు పీకేశారు, గుర్తుండే ఉంటుంది. చిన్న మెటల్ షీటు మీద హోల్ నంబరు, దూరం, పార్ (ఆ హోల్ ఎన్ని త్రోల్లో పూర్తి చెయ్యాలో ఆ లెక్క), కింద దాత పేరు చాలు. షాపు బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం చేశారు కదా, మన బోర్డు కూడా అదే లెక్కలో పైన కన్నడం పెద్దగా పెట్టి రాయించండి, తర్వాత గొడవ ఉండదు.

డబ్బు ఎవరి సొంత ఫోన్‌పేకీ వేయించుకోకండి, ఎంత నమ్మకస్తులైనా సరే. కర్ణాటక సొసైటీల చట్టం కింద కనీసం 7 మంది ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు, పాన్, బ్యాంకు అకౌంటు వస్తాయి, అంతవరకు లేఅవుట్ అసోసియేషన్ అకౌంటు వాడుకోండి. రసీదు అక్కడికక్కడే ఇవ్వండి. కొంతమంది 80జీ, అంటే విరాళానికి ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు, ఉందా అని అడుగుతారు, లేకపోతే లేదనే చెప్పండి, షాపు పేరు బోర్డు మీద వస్తోంది కాబట్టి అడ్వర్టైజ్‌మెంట్ ఖర్చు కింద రాసుకోవచ్చేమో వాళ్ల ఆడిటర్‌ని అడగమనండి.

కాదన్నవాళ్లకి కూడా థాంక్స్ చెప్పి ఓపెనింగ్‌కి పిలవండి, మా దగ్గర అలా వచ్చినవాళ్లలో ఇద్దరు తర్వాత బెంచీలు ఇచ్చారు. ఇచ్చినవాళ్లకైతే బుట్ట నేలలో దిగిన రోజే ఫోటో పంపండి, నెలాఖరుకి ఖర్చుల లెక్క బిల్లులతో సహా అందరికీ వాట్సాప్ చెయ్యండి, సిమెంటు బస్తా మిగిలితే అదీ రాయండి. వానాకాలం అయ్యాక గొలుసులకి తుప్పు, బోర్డు మీద పేరు వెలిసిందా లేదా చూసి పెయింట్ వేయించండి. రెన్యువల్ అడగడానికి వెళ్లేది ఆ పెయింట్ ఆరాకే.