పన్ను ఇంప్లాంట్‌కి హైదరాబాద్‌లో ఎంతవుతుంది, డాక్టర్ని ఎలా చూసుకోవాలి

మెట్రో పిల్లర్ మీద బోర్డు: "ఇంప్లాంట్ 14,999 మాత్రమే". అదే పన్నుకి కూకట్‌పల్లిలో అడిగితే 30 వేలంటారు, జూబ్లీహిల్స్‌లో అడిగితే 60 వేలంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు స్క్రూ రేటు చెబుతున్నారు, ఒకరు పన్ను పూర్తయ్యేదాకా అయ్యే మొత్తం చెబుతున్నారు, ఇంకొకరు వేరే కంపెనీ సరుకు రేటు చెబుతున్నారు. అందుకే ఫోన్ చేసి "ఇంప్లాంట్‌కి ఎంతండీ?" అని అడగడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఇంప్లాంట్ పన్ను అంటే మూడు ముక్కలు. ఎముకలోకి దిగేది టైటానియం స్క్రూ, మామూలుగా 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు, 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల మందం. దాని మీద బిగించే మధ్య ముక్క అబట్‌మెంట్. బయటికి కనబడేది క్యాప్. ఈ మూడూ కాక సీబీసీటీ స్కాన్ (దవడని మూడు వైపులా చూపే ఎక్స్‌రే), ఎముక తక్కువైతే బోన్ గ్రాఫ్ట్ (ఎముక పౌడర్ నింపడం), పై దవడలో వెనకపక్క అయితే ఒక్కోసారి సైనస్ లిఫ్ట్ (ముక్కు పక్కనుండే గాలి గది అడుగుని పైకి జరిపి ఎముకకి చోటు చేయడం). బోర్డు మీది రేటులో సాధారణంగా ఉండేది మొదటి ముక్క ఒక్కటే.

హైదరాబాద్‌లో ఒక పన్నుకి, క్యాప్‌తో కలిపి, కొరియా కంపెనీలైన ఆస్టెమ్, డెంటియమ్ లేదా ఇజ్రాయెల్ కంపెనీలైన ఆల్ఫా బయో, ఎమ్‌ఐఎస్ రకాలకి సుమారు 25 నుంచి 40 వేలు అవుతుంది. స్ట్రామన్, నోబెల్ బయోకేర్ అయితే 45 వేలు దాటి 70 వేల దాకా పోతుంది. స్కాన్‌కి 1,500 నుంచి 3,000. గ్రాఫ్ట్ పడితే ఎంత పౌడర్, దాని మీద కప్పడానికి ఎలాంటి పొర వాడారన్నదాన్ని బట్టి 5 నుంచి 20 వేలు. సైనస్ లిఫ్ట్ పెద్దదైతే 15 నుంచి 40 వేలు. ఏరియాని బట్టి, డాక్టర్ని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి. లెక్క ఎక్కడ పెరుగుతుందో తెలియడానికి ఇవి చాలు.

ఇప్పుడా 14,999నే విప్పి చూద్దాం. స్క్రూ 14,999. అబట్‌మెంట్ 5,000. జిర్కోనియా (పన్ను రంగులో ఉండే గట్టి సిరామిక్) క్యాప్ 10,000. స్కాన్ 2,000. కొద్దిగా గ్రాఫ్ట్ 8,000. మొత్తం 39,999. పక్క వీధిలో "అన్నీ కలిపి 34 వేలు" అన్న డాక్టర్ ఖరీదనిపించి వదిలేసి వస్తే, చివరికి ఆయన దగ్గరే చవకయ్యేది. అందుకని రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి, కానీ కాగితం మీద తీసుకోండి. అందులో స్క్రూ కంపెనీ పేరు, మోడల్, అబట్‌మెంట్ అదే కంపెనీదా కాదా, క్యాప్ ఏ రకం, తాత్కాలిక పన్ను ఇస్తారా, గ్రాఫ్ట్ అవసరమైతే ఎంత, ఇంప్లాంట్ పట్టకపోతే మళ్లీ వేయడానికి ఎవరు కడతారు, ఇవన్నీ విడివిడిగా రాయించుకోవాలి. "మంచి ఇంపోర్టెడ్ కంపెనీ" అని మాత్రమే రాసిస్తే ఆ కాగితంతో పని లేదు. వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది, అందం కోసం చేయించుకునే వాటికి తప్ప. ఊడిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంట్ బిల్లు మీద 18 శాతం వేస్తే ఎందుకని అడగండి.

అసలు ఇంప్లాంటే కావాలా అన్న ప్రశ్న ముందే వేసుకోవాలి. ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్లకి ఇప్పటికే రూట్ కెనాల్ అయి క్యాపులుంటే, బ్రిడ్జి (పక్క పళ్ల మీద ఆనించి కట్టే పళ్ల వరస) పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. మెటల్ సిరామిక్‌లో మూడు పళ్ల బ్రిడ్జి 12 నుంచి 20 వేలలో అయిపోతుంది, పది పన్నెండు రోజుల్లో పని ముగుస్తుంది. పక్క పళ్లు నిక్షేపంగా ఉంటే మాత్రం వాటిని అరగదీయించుకోవడం కన్నా ఇంప్లాంట్ మేలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకి వద్దు, దవడ ఇంకా పెరుగుతుంటుంది.

పన్ను తీయించుకుని ఏళ్లు గడిచాయా? అయితే ఎముక తగ్గి ఉంటుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు సగం దాకా పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. "చూద్దాంలే" అని దసరా నుంచి ఉగాదికి, ఉగాది నుంచి దసరాకి వాయిదా వేసినవాళ్లకి గ్రాఫ్ట్ ఖర్చు పడేది ఇందుకే.

స్కాన్ లేకుండా ఇంప్లాంట్ వేస్తామంటే లేచి వచ్చేయండి. ఓపీజీ ఎక్స్‌రేలో (దవడంతా ఒకే ఫిల్మ్‌లో తీసేది) ఎముక ఎత్తు తెలుస్తుంది, అదీ కొంత పెద్దదిగా కనబడుతుంది. ఎముక వెడల్పు అసలు తెలియదు. సీబీసీటీలో మూడు వైపులా కొలవచ్చు. కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఒకటి ఎముక లోపల నుంచే వెళ్తుంది. స్క్రూ కొనకీ ఆ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలి. పక్క పన్ను వేరుకి 1.5 మిల్లీమీటర్లు, రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మిల్లీమీటర్లు వదలాలి. "స్కాన్‌లో ఆ కొలత ఒకసారి చూపించండి డాక్టర్ గారూ" అని అడగండి. పని తెలిసిన డాక్టర్ స్క్రీన్ మీద గీత గీసి చూపిస్తారు, అర నిమిషం పని. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే స్పందనని బట్టే సగం నిర్ణయం తీసుకోవచ్చు. స్కాన్ ఫైలు మీదే, డబ్బు మీరే కట్టారు. పెన్‌డ్రైవ్‌లోనో లింక్‌గానో తీసుకోండి. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తే మళ్లీ స్కాన్ ఖర్చు తప్పుతుంది.

ఇక డాక్టర్. మన దేశంలో ఇంప్లాంటాలజీ అని విడిగా ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) లేదు. ప్రాస్థోడాంటిక్స్ (కృత్రిమ పళ్లు), ఓరల్ సర్జరీ, పెరియోడాంటిక్స్ (చిగుళ్లు) ఎండీఎస్ చేసినవాళ్లు చదువులో భాగంగా నేర్చుకుంటారు. బీడీఎస్ (దంతవైద్యంలో డిగ్రీ) చేసి, తర్వాత ఇంప్లాంట్ కోర్సు చేసి బాగా వేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కోర్సు మూడు రోజులదీ కావచ్చు, ఏడాదిదీ కావచ్చు. గోడ మీద సర్టిఫికెట్ల కన్నా తెలంగాణ స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ముందు చూడండి. తర్వాత అడగాల్సింది: స్క్రూ వేసేదెవరు, క్యాప్ పెట్టేదెవరు? నగరంలో చాలా చిన్న క్లినిక్‌లకి బయటి కన్సల్టెంట్ తన కిట్‌తో వచ్చి వేసి వెళ్తారు. అందులో తప్పు లేదు. కానీ రాత్రికి వాపు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఆరు నెలల తర్వాత ఆయన రావడం మానేస్తే ఎవరు చూస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి. పెద్ద చైన్ క్లినిక్‌లలోనూ ఇదే చిక్కు: బ్రాంచి ఉంటుంది, డాక్టర్ మారిపోతారు.

దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక పన్ను పూర్తయ్యేలోపు ఆరు నుంచి పదిసార్లు వెళ్లాలి. ఎల్బీనగర్‌లో ఉంటూ కొండాపూర్‌లో రెండు వేలు తక్కువని వెళ్తే, ఆ రెండు వేలు క్యాబులకే పోతాయి, మూడోసారికి విసుగొచ్చి చెకప్ మానేస్తారు. డబ్బు ఇబ్బందైతే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ, దిల్‌సుఖ్‌నగర్‌లో పాణినీయ కాలేజీ లాంటి చోట్ల పీజీ విభాగాలకి వెళ్లి, ఇంప్లాంట్ కేసులు తీసుకుంటున్నారా, సామాను ఖర్చు మనమే పెట్టుకోవాలా అని కనుక్కోండి. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, ఓపిక కావాలి.

మీ ఒంటి సంగతి దాచకండి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7 దగ్గరికి తెచ్చుకుని వెళ్లండి; 8 దాటితే ఆగమనే డాక్టర్ మంచి డాక్టర్. ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే మాత్ర, ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. గుండెకి వేసుకునే రక్తం పలుచన చేసే మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టర్ని అడగకుండా డెంటిస్ట్ ఆపమన్నా ఆపొద్దు. సిగరెట్, గుట్కా, జర్దా మానలేమనుకుంటే ఈ ఖర్చే దండగ. చిగుళ్ల నుంచి రక్తం, చీము వస్తుంటే ముందు దానికి వైద్యం.

వేసే రోజు పని ముప్పావు గంట. మత్తు ఇంజెక్షన్ ఒక్కటే సూది నొప్పి. డ్రిల్ తిరిగేటప్పుడు సెలైన్ నీళ్లు ధారగా పడుతుండాలి, ఎందుకంటే ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయి, స్క్రూ ఎముకకి పట్టదు. మొదటి నెలల్లోనే నొప్పి లేకుండా ఊడి చేతికొచ్చే ఇంప్లాంట్ల వెనక ఈ కారణం కూడా ఉంటుంది. స్క్రూ డబ్బా మీ ముందే విప్పమనండి. దాని మీద స్టిక్కర్ ఉంటుంది: కంపెనీ, సైజు, రిఫరెన్స్ నంబర్, లాట్ నంబర్. ఒకటి మీ ఫైల్లో అంటించి ఇవ్వాలి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

తర్వాత ఒక రోజు ఐస్ ప్యాక్, మెత్తటి పెరుగన్నం, ఇడ్లీ, చల్లారిన రాగి జావ. ఆవకాయకి వారం సెలవు. స్ట్రాతో తాగొద్దు, గట్టిగా పుక్కిలించొద్దు. వారం పది రోజులకి కుట్లు తీస్తారు. వాపు మూడో రోజు దాకా పెరగడం మామూలే. నాలుగో రోజు తర్వాత పెరిగినా, పెదవి మొద్దుబారడం మత్తు దిగాక కూడా తగ్గకపోయినా అదే రోజు వెళ్లండి.

ఎముక పట్టడానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు. "మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు" అందరికీ కాదు. స్క్రూ 35 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) గట్టిగా బిగిస్తే, కొరుకుడు భారం పడని చోటైతే, తాత్కాలిక పన్ను అప్పుడే పెట్టొచ్చు. మూడు రోజుల్లో నోరంతా పళ్లు పెట్టేసి ఏడాదికి అన్నీ కదలడం మొదలైతే, తీసేసేటప్పుడు ఎముకా పోతుంది.

క్యాప్ దగ్గర ఒక మాట అడగండి: అబట్‌మెంట్‌కి చిన్న స్క్రూతో బిగించేదా, సిమెంట్‌తో అంటించేదా? సిమెంట్ చిగురు కిందికి జారి మిగిలిపోతే చుట్టూ చీము పట్టి ఎముక కరుగుతుంది. స్క్రూ రకంలో పైన చిన్న రంధ్రం మూసి ఉంటుంది, ఎప్పుడైనా విప్పి శుభ్రం చేయొచ్చు. వీలున్న చోట స్క్రూ రకమే మేలు.

డబ్బు ఒకేసారి కట్టొద్దు. స్క్రూ రోజు సగం, క్యాప్ కొలత రోజు కొంత, పెట్టాక మిగతాది. నో కాస్ట్ ఈఎంఐ అంటే ఫైనాన్స్ కంపెనీ మీ పేరున లోన్ ఇచ్చి మొత్తం క్లినిక్‌కి ముందే కట్టేస్తుంది. మధ్యలో క్లినిక్ మూసేసినా కిస్తీ మీ అకౌంట్‌లో కట్ అవుతూనే ఉంటుంది. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో ప్రమాదంలో విరిగితే తప్ప పళ్లకి రాదు. గొడవ ముదిరితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ పనికొచ్చేవి కాగితం మీది కొటేషన్, బిల్లులు, ఆ స్టిక్కర్.

ఏ మూడేళ్లకో అన్నం తింటుంటే క్యాప్ కదిలినట్టు అనిపిస్తే, చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులైనట్టే, ఇంప్లాంట్ పోయినట్టు కాదు. ఊడి చేతికొస్తే పారేయకండి, ఫెవిక్విక్‌తో అంటించుకోకండి. చిన్న డబ్బాలో వేసి, ఆ పక్కతో నమలకుండా, రెండు మూడు రోజుల్లో వెళ్లండి. పాత డాక్టర్ లేకపోయినా స్టిక్కర్ ఫొటో చూపిస్తే చాలు. ఏ కంపెనీ డ్రైవర్ పడుతుందో తెలుస్తుంది, పావుగంటలో బిగించి పంపిస్తారు.