కోళ్ల దాణాలో సముద్రపు నాచు కలిపేముందు

సముద్రపు నాచును కోళ్ల దాణాలో కలపాలనుకుంటే ముందు దాని ఉప్పు సంగతి చూడండి. కడగకుండా ఎండబెట్టిన నాచులో ఉప్పు బాగా ఉంటుంది. అది తిన్న కోళ్లు నీళ్లు ఎక్కువ తాగుతాయి, రెట్ట పలచబడుతుంది, లిట్టర్ (షెడ్డులో కోళ్ల కింద పరిచే ఊక లాంటిది) తడిసిపోతుంది. ఆ తర్వాత అమ్మోనియా వాసన, కాళ్లకు పుండ్లు... అదంతా వేరే టెన్షన్. అందుకే మంచినీళ్లలో రెండుమూడుసార్లు కడిగి, పెళపెళలాడేలా ఎండబెట్టి, మెత్తగా పొడి చేయండి. దాణాలో విడిగా వేసే ఉప్పు కూడా ఆ మేరకు తగ్గించాలి.

మోతాదు 100 కిలోల దాణాకు కిలోతో మొదలుపెడితే చాలు. ముందు నాలుగైదు కిలోల దాణాలో పొడిని కలిపి, దాన్ని మిగతా దాణాలో కలిపితే అంతటా సమానంగా పడుతుంది.

నాచులో ఖనిజాలు, ముఖ్యంగా అయోడిన్ ఎక్కువ. గోధుమరంగు నాచుల్లో మరీ ఎక్కువ, అది గుడ్డులోకీ చేరుతుంది. కాబట్టి మోతాదు పెంచుకుంటూ పోవద్దు. సోయా చెక్కకు బదులుగా మాత్రం వాడకండి, మాంసకృత్తుల లోటు తీరదు. మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే తీరంలో ఏరిన నాచు అసలే వద్దు, ఆర్సెనిక్ లాంటివి పీల్చుకుని ఉంటుంది.