రేడియోలో గరగర: మూలాన్ని పట్టుకుని ఆపే పద్ధతి

విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్ పౌనఃపున్యం 927 కిలోహెర్ట్జ్. అంటే ఒక్కో తరంగం పొడవు సుమారు 323 మీటర్లు. ఊళ్లోనే కేంద్రం ఉన్నా, అపార్ట్‌మెంటు లోపల రేడియో పెట్టేసరికి మాటల కంటే గరగరే ఎక్కువగా వినిపిస్తుందని చాలామంది దాన్ని మూలన పడేస్తున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటూ మొబైల్ సిగ్నలూ లేకుండా గడిపినవారికి బ్యాటరీ రేడియో విలువ వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఇంట్లో ఒక రేడియో శుభ్రంగా పలకాలని నేను పట్టుబడతాను.

రేడియోకు ఏదో ఒక లోహపు కవచం తొడిగితే చాలని మొదట అనిపిస్తుంది. కానీ కవచం గరగరను ఆపినట్టే స్టేషన్‌నూ ఆపేస్తుంది కాబట్టి, అడ్డుకట్ట వేయవలసింది రేడియో దగ్గర కాదు, గరగర పుట్టే చోట. కనుక ముందు ఆ చోటు తెలియాలి. బ్యాటరీలతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ఉంచి, మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, ఎందుకంటే చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. గరగర ఆగిపోతే మూలం మీ ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు మెయిన్ వేసి, ఉపకరణాలను ఒక్కొక్కటిగా పెడుతూ వినండి. ఫ్యాన్‌కు ఉండే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ సగం వేగంలో బుయ్యిమని మోగిస్తుంది. ఫోన్ ఛార్జర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు డయల్ తిప్పుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ తగిలే కూతను పెడతాయి. మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు రేగి బరబరలాడుతుంది.

ట్రాన్సిస్టర్ లోపల ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసే నల్లని అయస్కాంత పదార్థం) కడ్డీ మీద చుట్టిన తీగే యాంటెన్నా. అది తరంగంలోని అయస్కాంత భాగాన్ని అందుకుంటుంది. రేడియోను నేలకు సమాంతరంగా తిప్పితే ఒక స్థితిలో శబ్దం బాగా తగ్గుతుంది; ఆ క్షణాన కడ్డీ మొన మూలం ఉన్న వైపు గానీ, దానికి సరిగ్గా ఎదురు వైపు గానీ చూపుతూ ఉంటుంది. మరో చోట నిలబడి ఇదే చేస్తే రెండు గీతలూ కలిసే చోటు తెలుస్తుంది. అయితే గోడల్లోని వైరింగే గరగరను మోసుకుపోతుంది కాబట్టి ఇంటి లోపల ఈ గుర్తు కొంత తప్పుదారి పట్టిస్తుంది. మేడ మీద నమ్మదగినట్టు పనిచేస్తుంది.

కవచం ఎందుకు విఫలమవుతుందో కళ్లారా చూడాలంటే వంటింట్లోని మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా చాలు. మోగుతున్న ట్రాన్సిస్టర్‌ను అందులో పెట్టి మూత వేస్తే స్టేషన్ మాయమై బుసబుస మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు రెండు మీటర్ల తొడుగు తీగను రేడియో చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, ఒక కొసను మూత సందులోంచి బయటికి వేలాడదీయండి. స్టేషన్ మళ్లీ తొంగిచూస్తుంది. పెట్టె ఎంత గట్టిదైనా, అందులోకి వెళ్లే ప్రతి తీగా తరంగాలకు తలుపే. ఛార్జర్ విషయంలోనూ ఇంతే: గరగర ప్రధానంగా తీగ వెంటే బయటికి వస్తుంది.

కాబట్టి చికిత్స తీగకే చేయాలి. లాప్‌టాప్ తీగ చివర ఉండే నల్లని గుండులో ఉండేది ఫెరైటే. కాకపోతే మీడియం వేవ్‌కు తీగను దాని గుండా ఒక్కసారి దూర్చితే పెద్దగా లాభం ఉండదు. పెద్ద ఫెరైట్ రింగు తీసుకుని, తీగలోని అన్ని పోగులనూ కలిపే, ఉపకరణానికి వీలైనంత దగ్గరగా, ఎనిమిది పది చుట్లు చుట్టండి. చుట్లు మూడింతలైతే అడ్డు దాదాపు తొమ్మిదింతలవుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ ఛార్జర్‌నో బల్బునో మార్చడమే మేలు. దాన్ని విప్పి కెపాసిటర్లు మార్చే పని తెలిసినవారికే వదలండి. ఛార్జర్‌కు అల్యూమినియం ఫాయిల్ మాత్రం చుట్టవద్దు: వేడి బయటికి పోదు, షాక్ ప్రమాదం కూడా ఉంటుంది. ఎర్త్ పిన్ను తీసేస్తే గరగర తగ్గిందని ఎవరైనా చెప్పినా వినవద్దు.

ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం సంగతి వేరు. అతుకులు లేకుండా మూసిన పలుచని ఫాయిల్ పెట్టె మీడియం వేవ్‌ను బాగానే ఆపుతుంది గానీ, ఈ క్షేత్రాన్ని దాదాపు ఏమీ చేయదు. ఆ పౌనఃపున్యంలో రాగి రేకు పనిచేయాలన్నా అది మిల్లీమీటర్లలో మందంగా ఉండాలి. ఇక్కడ దూరమే మందు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం రెట్టింపైతే దాని క్షేత్రం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆంప్లిఫయర్‌లో హమ్ (ఆగకుండా వచ్చే సన్నని మోత) వస్తే, ట్రాన్స్‌ఫార్మర్ ఉండే స్టెబిలైజర్‌ను ఒక మీటరు జరిపి చూడండి.

మెయిన్ ఆపినా గరగర ఆగకపోతే మూలం బయట ఉన్నట్టు. మన తీరంలో ఇది తరచూ కరెంటు స్తంభం మీదే ఉంటుంది: సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు ఇన్సులేటర్లపై పేరుకుని, రాత్రి మంచుకు తడిసి, చిటపటమని నిప్పురవ్వలు రేపుతుంది, గట్టి వాన పడి ఉప్పు కడుక్కుపోతే తగ్గుతుంది. స్తంభం జోలికి మీరు వెళ్లకుండా, దాని నంబరు, గరగర వచ్చే వేళలు రాసుకుని విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి చెప్పండి.