చెప్పిన వారంటీ, రాసిన వారంటీ: కారు క్లెయిమ్ కాదన్నప్పుడు ఏం చేయాలి

కొత్త బండి డెలివరీ రోజు ఇంటిల్లిపాదీ మనసు అన్నవరం మీదో, అయినవిల్లి మీదో ఉంటుంది. ముహూర్తం దాటిపోతుందన్న తొందరలో సంతకాలు పెట్టే కాగితాల్లో, అదనంగా డబ్బు కట్టి గడువు పెంచుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీది కూడా ఒకటుంటుంది. ‘ఐదేళ్లు మీరేం చూసుకోనక్కర్లేదండి, బంపర్ టు బంపర్’ అని నోటితో చెప్పిన మాట ఆ కాగితంలో ఎక్కడా కనిపించదు. గొడవలు చాలావరకు అక్కడే పుడతాయి. అందుకే డబ్బు కట్టకముందే షరతుల పుస్తకం అడిగి తీసుకోండి. ‘తర్వాత కొరియర్‌లో వస్తుంది’ అంటే, వచ్చాకే కడతానని చెప్పండి. మామూలు వారంటీ ఇంకా నడుస్తుండగా ఎక్స్‌టెండెడ్ తర్వాతైనా కొనుక్కోవచ్చు. డెలివరీ రోజే తీసుకోవాలన్న నియమమేమీ లేదు.

ముందు ఆ వారంటీ ఇస్తున్నది ఎవరో చూడండి. కారు కంపెనీదైతే దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చెల్లుతుంది. డీలరు సొంతంగా ఇచ్చేదైతే చాలాసార్లు ఆ డీలరు దగ్గరే పని చేస్తుంది. భీమవరంలో కొన్న బండి హైదరాబాద్‌లో ఆగిపోతే చిక్కే. మూడో రకం బయటి సంస్థ ఇచ్చేది. దాని వెనక బీమా కంపెనీ కూడా ఉండవచ్చు. సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంది, జీఎస్టీ రసీదు ఏ సంస్థ ఇచ్చింది అన్నవి చూస్తే తెలిసిపోతుంది. మీ చేతికి వచ్చింది బీమా పాలసీ అయితే ఫిర్యాదు దారి వేరు. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ నడిపే ‘బీమా భరోసా’ పోర్టల్‌కి, ఆపైన హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి. యానాం వాళ్లకూ ఆ హైదరాబాద్ ఆఫీసే.

డబ్బు కట్టిన వారం లోపు చేయాల్సిన పని ఇంకొకటుంది. డబ్బు తీసుకుని కంపెనీ సిస్టమ్‌లో ఎక్కించకపోవడం జరుగుతుంది, అది బండి పాడైన రోజున గానీ బయటపడదు. ఆర్‌సీ మీద ఉన్న 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరు దగ్గర పెట్టుకుని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. వారంటీ ఏ తేదీన మొదలవుతుంది, ఏ తేదీన ముగుస్తుంది, ఎన్ని కిలోమీటర్ల వరకు, ఏ ప్లాన్ అని అడగండి. జవాబు ఈమెయిల్‌లో పంపమనండి. ఐదేళ్లంటే మామూలు వారంటీ పోగా ఐదేళ్లు కాదు, సాధారణంగా అది కూడా కలుపుకునే లెక్క. కిలోమీటర్లు, సంవత్సరాలు, ఏది ముందు అయితే అది. అమలాపురం నుంచి కాకినాడకు రోజూ వెళ్లొచ్చేవాళ్లు రానుపోను 120 కిలోమీటర్లు తిరిగినా నెలకు 25 రోజుల లెక్కన ఏడాదికి 36,000 అవుతుంది. లక్ష కిలోమీటర్ల వారంటీ వాళ్లకు మూడేళ్లు కూడా నిలవదు.

క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు లాంటి అరిగిపోయే వస్తువులు సాధారణంగా ఇందులోకి రావు. టైర్లకు, బ్యాటరీకి వాటి తయారీదారుల వారంటీ విడిగా ఉంటుంది. తుప్పు పట్టినా, పందికొక్కులు వైరింగ్ కొరికినా రాదు. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చబడతాయి. వాటిని ప్రతి సర్వీసులోనూ శుభ్రం చేయించి, ఆ మాట బిల్లులో రాయించుకోవాలి. రేడియేటర్‌లో కూలెంట్ బదులు మన ఉప్పు బోరు నీళ్లు పోస్తే లోపల తుప్పు, పొలుసు కడతాయి. ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయినప్పుడు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి ఆ ఒక్కటీ చాలు.

గోదావరి డెల్టాలో అన్నిటికన్నా పెద్ద తగాదా నీళ్లతోనే. వరద రోజుల్లో లంకల కాజ్‌వే మీదో, తుఫాను వానకు మునిగిన వీధిలోనో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా అణగదు. పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది తయారీ లోపం కాదు కాబట్టి వారంటీలోకి రాదు. బీమాలో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే వాళ్లూ చాలావరకు ఇవ్వరు. నీటి మట్టం కనిపించేలా ఫొటో తీసి, బండిని లాగించి తీసుకెళ్లండి, బీమా కంపెనీకి వెంటనే చెప్పండి.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది. బండి నీళ్లలోకి దిగనే లేదు, అయినా ‘వాటర్ ఎంట్రీ’ అని రాసి క్లెయిమ్ కొట్టేస్తారు. అప్పుడు ఇంజిన్ విప్పకముందే మీ ఎదురుగా ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిపించండి. లోపలికి నీరు వెళ్లి ఉంటే ఫిల్టర్ కాగితం ముడతలు పడి ఉబ్బుతుంది, పెట్టె అడుగున సన్నటి ఒండ్రు గీత మిగులుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరిగి ఉండవచ్చు. ఇవేవీ లేకపోతే ఆ మూడింటినీ, ఛాసిస్ నంబరునీ కలిపి ఒకే వీడియోలో తీయండి. ఇంజిన్ విప్పేశాక ఈ సాక్ష్యం ఇక దొరకదు.

బండి సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన రోజు జాబ్ కార్డే మీ అసలు పత్రం. ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఊరుకోకండి. ‘ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడటం లేదు, 15 రోజులుగా, మీటరు 61,240’ అన్నట్టు లక్షణం, కాలం, కిలోమీటర్లు రాయించండి. వారంటీ ముగియడానికి పది రోజుల ముందు మొదలైన శబ్దమైతే మరీ ముఖ్యం. రిపేరు ఎప్పుడు జరిగినా, ఫిర్యాదు నమోదైన తేదీ మీ వాదనకు ఆధారం. స్కానర్ పెడితే వచ్చిన కోడ్ల ప్రింటు అడగండి. ఉదాహరణకు పీ0335 అని వస్తే క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని అర్థం. తప్పు సెన్సార్‌దా, వైరుదా అన్నది ఇంకా చూడాలి. కోడ్ చూసి నేరుగా సామాను మార్చేస్తామంటే, వైరు పరీక్షించారా అని అడగండి. ఇంజిన్, గేర్‌బాక్స్ విప్పడానికి సంతకం అడిగినప్పుడు, క్లెయిమ్ రాకపోతే విప్పిన కూలి ఎవరిది, ఎంత అన్నది ముందే రాయించుకోవాలి.

కాదన్నారా, కారణం కాగితం మీద అడగండి. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఇలా పంపితే సరిపోతుంది: ‘ఫలానా జాబ్ కార్డు నంబరు బండికి వారంటీ వర్తించదని ఈ రోజు నోటిమాటగా చెప్పారండి. షరతుల పుస్తకంలో ఏ నంబరు షరతు ప్రకారమో, మీ పరీక్షలో ఏం తేలిందో ఫొటోలతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ క్లెయిమ్ ఈ దశలోనే మళ్లీ పరిశీలనకు వెళ్లవచ్చు, ఎందుకంటే రాసేవాడు షరతు వెతకాలి. పెట్రోలు కల్తీ అంటే ల్యాబ్ రిపోర్టు అడగండి. మీ సమక్షంలో తీసి సీలు వేసిన శాంపిల్ లేకుండా వచ్చిన రిపోర్టును ప్రశ్నించవచ్చు. సర్వీసు ఆలస్యమైందంటే, ఎన్ని రోజుల వెసులుబాటు ఉందో పుస్తకంలో చూడండి. ఆ ఆలస్యానికీ ఈ లోపానికీ సంబంధమేమిటో కూడా అడగాలి. ఆయిలు మార్పు నెల ఆలస్యమైతే పవర్ విండో మోటారు ఎందుకు కాలింది?

సర్వీస్ మేనేజర్, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు, అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇది ఉచితం, కంపెనీకి మీ ఫిర్యాదు పంపిస్తుంది గానీ తీర్పు ఇవ్వలేదు. ఆపైన డీలరుకీ, కారు కంపెనీకీ, వారంటీ ఇచ్చిన సంస్థకీ ముగ్గురికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఒక్కరినే చేరిస్తే తప్పు పక్కవాడిదంటారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే. చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఐదు లక్షల వరకు ఫీజు లేదు, పది లక్షల వరకు 200, ఇరవై వరకు 400, యాభై వరకు 1,000 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. వివాదం పుట్టిన తేదీ నుంచి రెండేళ్లే గడువు. కస్టమర్ కేర్‌తో మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ రెండేళ్లూ కరిగించుకోకండి. వాట్సాప్ సందేశాలు సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఫోన్ మార్చినా పాత ఫోన్ పారేయకూడదు. పసుపు ప్లేటు బండి అయితే అది వ్యాపారమని అవతలివాళ్లు అభ్యంతరం పెడతారు. ఒక్క బండి కొనుక్కుని సొంతంగా నడుపుకుంటూ దానిమీదే బతికేవాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఆ సంగతి ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి.

బయట రిపేరు చేయించుకోక తప్పకపోతే, ఫలానా తేదీన విప్పుతున్నాం, వచ్చి చూసుకోండని నోటీసు పంపిన ఆ ముగ్గురికీ ముందే రాయండి. తీసేసిన భాగాన్ని పార్ట్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, గుడ్డలో చుట్టి సీలు వేసి దాచండి. కమిషన్ పరీక్షకు పంపాలంటే వస్తువు ఉండాలి. సర్వీస్ సెంటర్‌లోనే బిల్లు కట్టి బండి విడిపించుకోవాల్సి వస్తే, ‘పూర్తి తృప్తితో తీసుకున్నాను’ అన్న గడి కింద ఊరికే సంతకం పెట్టకండి. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, క్లెయిమ్ హక్కు వదులుకోలేదు’ అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ఆ కాగితం ఫొటో తీసుకున్నాకే తాళం అందుకోండి.